ట్రైలర్ ప్లగ్గుకు చిలుము పడితే: గీకేముందు కొలవండి

ఇనుముకు పట్టేది తుప్పు. రాగికి, ఇత్తడికి పట్టేది చిలుము. ట్రావెల్ ట్రైలర్ (వాహనం వెనక తగిలించి లాగే ఇల్లులాంటి బండి) కరెంటు కనెక్షన్లలో రెండూ కనిపిస్తాయి. గ్రౌండ్ వైరును (కరెంటు తిరిగి వెళ్లే వైరు) ఫ్రేముకు బిగించిన చోట తుప్పు ఉంటుంది, లాగే వాహనానికి తగిలించే ప్లగ్గులో చిలుము ఉంటుంది. ఎక్కువగా ఏడిపించేది రెండోదే. ఆకుపచ్చ పొడి కనిపించగానే బ్రష్షుతో గీకి, ఏదో ఒక స్ప్రే కొట్టి, లైట్లు వెలిగాయి కదా అని మూత వేసేస్తే నాలుగు వానలకే మళ్లీ మొదటికి వస్తుంది. చిలుము ఏ పిన్నుకు పట్టిందో, దానికే ఎందుకు పట్టిందో, నీళ్లు ఏ దారిన వచ్చాయో చూడకుండా గీకితే జరిగేది అంతే.

ఇక్కడ చెప్పేది ఉత్తర అమెరికా ట్రైలర్లకు ఉండే ఏడు పిన్నుల బ్లేడు ప్లగ్గు గురించి. యూరప్‌లో వాడే 13 పిన్నుల ప్లగ్గులో అమరిక వేరు, జబ్బు మాత్రం ఇదే.

పిన్నులన్నీ ఒక్క తీరుగా పాడవవు. ప్లగ్గును వెలుతురులో పెట్టి చూడండి, ఒక పిన్ను మిగతావాటికన్నా బాగా తినేసి ఉంటుంది. చాలాసార్లు అది 12 వోల్టుల చార్జింగ్ పిన్ను. ఇండికేటర్, బ్రేకు పిన్నులకు కరెంటు వాడినప్పుడే వస్తుంది. చార్జింగ్ పిన్ను మీద మాత్రం వోల్టేజి ఎప్పుడూ ఉంటుంది. ట్రైలర్‌ను వాహనం నుంచి విడదీసినా సరే, ఆ వైరు రెండో కొస ట్రైలర్ బ్యాటరీకే కలిసి ఉంటుంది కదా. నమ్మకం లేకపోతే విడిగా వేలాడుతున్న ప్లగ్గులో చార్జింగ్ పిన్నుకూ గ్రౌండ్ పిన్నుకూ మధ్య మల్టీమీటర్ పెట్టండి. బ్యాటరీ నిండుగా ఉంటే 12.6 వోల్టుల దాకా చూపిస్తుంది. మధ్యలో డీసీ-డీసీ చార్జరో, స్విచ్చో ఉన్న ట్రైలర్లలో ఇది రాకపోవచ్చు. ఆ రెండు పిన్నుల మధ్య ఉప్పు కలిసిన తేమ చేరిందంటే ప్లగ్గు కరెంటుతో లోహపు పూత పూసే చిన్న తొట్టెలా పనిచేయడం మొదలుపెడుతుంది. పాజిటివ్ పిన్ను లోహం కొంచెం కొంచెంగా కరిగి తేమలోకి పోతుంది. ఉత్త గాలికి, తేమకు ఏళ్లు పట్టే నష్టం ఇలా నెలల్లో జరిగిపోతుంది. శీతాకాలంలో రోడ్ల మీద చల్లే ఉప్పు, సముద్రపు గాలి దీన్ని ఇంకా తొందరపెడతాయి. ఉప్పు పొర గాలిలోని తేమను పీల్చుకుంటుంది కాబట్టి వాన లేని రోజున కూడా ప్లగ్గు లోపల ఆరదు.

రెండో స్థానం గ్రౌండ్ పిన్నుది. లైట్లు, ఇండికేటర్లు, బ్రేకులు, చార్జింగ్, అన్నింటి కరెంటూ తిరిగి వెళ్లాల్సింది ఆ ఒక్క దారినే. అది సరిగా లేకపోతే లక్షణాలు చిత్రంగా ఉంటాయి. ఎడమ ఇండికేటర్ వేస్తే రెండు వైపులా మసకగా కొట్టుకుంటాయి. బ్రేకు నొక్కితే వెనక లైట్లు వెలగాల్సింది పోయి తగ్గుతాయి. ట్రైలర్‌ను వాహనానికి తగిలించే హిచ్ బంతి గుండా గ్రౌండ్ దొరుకుతున్నంతసేపు అన్నీ బాగుండి, గతుకు వచ్చినప్పుడు మాత్రం లైట్లు రెప్ప కొడతాయి. ఇలాంటి ఒకదానికొకటి పొంతన లేని లక్షణాలు కనిపిస్తే బల్బులు మార్చడం మొదలుపెట్టకండి. ముందు గ్రౌండ్ చూడండి.

లైట్లు వెలుగుతున్నాయి కాబట్టి కనెక్షన్ బాగుంది అనుకోవడం అన్నిటికన్నా ప్రమాదకరమైన పొరపాటు. ఎల్ఈడీ లైటు తాగే కరెంటు ఎంత తక్కువంటే, చిలుము పట్టి సగం చచ్చిన పిన్ను గుండా కూడా అది నిక్షేపంగా వెలుగుతుంది. బ్రేకుల లెక్క వేరు. ఈ ట్రైలర్ల బ్రేకులు కరెంటుతో పనిచేస్తాయి; 10, 12 అంగుళాల డ్రమ్ముల్లోని బ్రేకు మాగ్నెట్ ఒక్కోటి సుమారు 3.2 ఓములు ఉంటుంది. రెండు ఇరుసుల ట్రైలర్‌లో నాలుగు మాగ్నెట్లు కలిపి 0.8 ఓములు, అంటే 12 వోల్టుల దగ్గర 15 ఆంపియర్లు. ఈ దారిలో చిలుము వల్ల 0.1 ఓము అదనంగా చేరిందనుకోండి. కరెంటు 13.3 ఆంపియర్లకు పడిపోతుంది, మాగ్నెట్లకు అందేది 10.7 వోల్టులే, మిగిలిన శక్తి దాదాపు 18 వాట్ల వేడిగా ఆ ఒక్క పిన్ను దగ్గర పోగవుతుంది. బ్రేకు పిన్ను మీద 0.1, గ్రౌండ్ పిన్ను మీద ఇంకో 0.1 అయితే మాగ్నెట్లకు చేరేది 9.6 వోల్టులు. దిగుడు దారిలో బరువైన ట్రైలర్ వెనక నుంచి తోస్తున్నప్పుడు ఈ తేడా ప్రాణాల మీదికి వస్తుంది. అందుకే ఈ పనిని లైట్ల రిపేరుగా చూడకండి, బ్రేకుల పనిగా చూడండి.

మామూలు మల్టీమీటర్‌తో 0.1 ఓమును నేరుగా కొలవడం కష్టం. మీటరు వైర్లకే 0.2, 0.3 ఓములు ఉంటాయి. పైగా నూరు పోగుల వైరులో ఒకే ఒక్క పోగు మిగిలి ఉన్నా, దారి తెగలేదని చెప్పే కంటిన్యుటీ బీప్ మోగుతుంది. కాబట్టి కరెంటు పారుతుండగా ఎన్ని వోల్టులు పోతున్నాయో కొలవాలి. ప్లగ్గు తగిలించి, వాహనం లోపల ఒకరిని కూర్చోబెట్టి, ట్రైలర్ బ్రేకులకు కరెంటు పంపే బ్రేకు కంట్రోలర్ మీట పూర్తిగా నొక్కి పట్టమనండి. సగం నొక్కితే కంట్రోలర్ కరెంటును ముక్కలు ముక్కలుగా పంపుతుంది, మీటరు సగటు చూపిస్తుంది, అంకె అర్థం కాదు. మీటరును డీసీ వోల్టుల మీద పెట్టి, ఒక కొస వాహనం సాకెట్ వెనక బ్రేకు టెర్మినల్ మీద, రెండో కొస ట్రైలర్ ముందు భాగంలోని జంక్షన్ బాక్సులో (వైర్లు కలిసే పెట్టె) బ్రేకు వైరు బిగించిన మేకు (స్టడ్) మీద ఆనించండి. కనిపించే అంకె ప్లగ్గు, దాని వైరు మింగేస్తున్న వోల్టేజి. గ్రౌండ్‌కూ ఇదే పని చేయండి. పూర్తి బ్రేకు మీద 0.3 వోల్టు దాటితే నేను ప్లగ్గు విప్పుతాను. అర వోల్టు దాటితే ఇంకో ప్రయాణం దాకా ఆగకూడదు.

వాహనం దగ్గర లేకపోతే 55 వాట్ల హెడ్‌లైట్ బల్బుకు రెండు వైర్లు కట్టి లోడుగా వాడుకోవచ్చు. అది దాదాపు నాలుగున్నర ఆంపియర్లు లాగుతుంది. ట్రైలర్ ప్లగ్గులో చార్జింగ్ పిన్నుకూ గ్రౌండ్‌కూ మధ్య దాన్ని వెలిగించండి. ఉత్తగా 12.6 చూపించిన పిన్నులు బల్బు పెట్టగానే 10కి పడిపోతే, ఆ దారిలో ఎక్కడో పట్టు లేదు. ట్రైలర్ బ్యాటరీ దగ్గర ఈ లైనుకు చిన్న ఆటో-రీసెట్ బ్రేకర్ (కరెంటు ఎక్కువైతే ఆగి, తర్వాత తనంతట తానే కలిసేది) ఉంటుంది. గాలికీ వానకూ తెరిచి ఉండే దాని మేకులు, నట్లు కూడా తుప్పు పడతాయి. అవి చూడకుండా ప్లగ్గునే తప్పుపట్టకండి.

ఇక శుభ్రం చేయడం. ముందుగా వాహనం నుంచి ప్లగ్గు తీయండి. బయటి మెయిన్స్ కరెంటు కేబుల్ కూడా తీసేయండి, లేకపోతే లోపలి కన్వర్టర్ 12 వోల్టుల లైనుకు కరెంటు ఇస్తూనే ఉంటుంది. ఆ తర్వాత ట్రైలర్ బ్యాటరీ నెగటివ్ విప్పండి. ఈ మూడూ చేశాక కూడా చార్జింగ్ పిన్ను మీద మీటరు పెట్టి సున్నా చూసుకోండి. సోలార్ ప్యానెల్ ఉంటే దాన్నీ విడదీయాలి. లోహపు బ్రష్షు రెండు పిన్నులను ఒకేసారి తాకితే ఫ్యూజు పోవడం, నిప్పురవ్వ రావడం మామూలే.

పైపై చిలుముకు కాంటాక్ట్ క్లీనర్ స్ప్రే, చిన్న నైలాన్ లేదా ఇత్తడి బ్రష్షు చాలు. స్ప్రే కొట్టి, ఐదు నిమిషాలు ఆగి, బ్రష్షుతో తిప్పి, మళ్లీ కొట్టి కడిగేయాలి. బ్రష్షు దూరని సందుల్లోకి 400 లేక 600 నంబరు ఎమరీ కాగితాన్ని సన్నగా కోసి, ఐస్‌క్రీమ్ పుల్లకు అంటించి వాడండి. లోహం మెరుపు కనిపించగానే ఆపేయాలి. పూత ఉన్న పిన్నులను అదే పనిగా రుద్దితే పూత పోయి ఇత్తడి బయటపడుతుంది, ఇక అది ఇంకా తొందరగా చిలుము పడుతుంది. స్టీల్ ఊలు అసలు వద్దు. దాని పీచు లోపల ఇరుక్కుని పిన్నుల మధ్య షార్టు చేస్తుంది, తడి తగిలితే అదీ తుప్పవుతుంది.

గట్టిపడిన పచ్చ పెచ్చుకు తెల్ల వెనిగర్ పనిచేస్తుంది. దూది పుల్లతో పిన్నుకు మాత్రమే తడిపి పది నిమిషాలు ఉంచి, బ్రష్షుతో రుద్ది, కప్పు నీళ్లలో చెంచా వంటసోడా కలిపి దానితో తుడిచి, ఆ తర్వాత మంచినీళ్లతో కడగాలి. కడగడంలో బద్ధకిస్తే మిగిలిన ఆమ్లం లోపల తన పని తాను చేస్తూనే ఉంటుంది. ఇత్తడి పాత్రలు తోమినట్టు వెనిగర్‌లో ఉప్పు కలపడం ఇక్కడ పనికిరాదు, ఆ ఉప్పే రేపటి చిలుముకు విత్తనం. చివర్లో ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో కడిగితే నీటిని లాక్కుని త్వరగా ఆరుతుంది. తర్వాత కూడా ప్లగ్గును ముఖం కిందికి పెట్టి కొన్ని గంటలు ఆరనివ్వండి. హీట్ గన్నుతో వేడి చేసి ఆరబెట్టకండి, ప్లాస్టిక్ వంగితే పిన్నుల వరస తప్పుతుంది.

పిన్ను మెరిసిందని పని అయిపోలేదు. పట్టు చూడాలి. ఈ ప్లగ్గులో ఒకవైపు పలుచని బ్లేడ్లు, ఇంకోవైపు వాటిని నొక్కిపట్టే స్ప్రింగు రేకులు ఉంటాయి. వేడెక్కి చల్లారిన రేకు బిగువు కోల్పోతుంది. సన్నని స్క్రూడ్రైవర్ మొనతో రేకును ఒక వెంట్రుకవాసి లోపలికి వంచితే పట్టు తిరిగి వస్తుంది. రెండుమూడు సార్లు వంచాల్సి వచ్చిన రేకు ఇక నిలబడదు. బ్లేడు గుంటలు పడినా, సన్నబడినా, చుట్టూ ప్లాస్టిక్ నల్లబడినా, కరిగినా మార్చేయడమే. అప్పుడు రెండు వైపులా చూడండి. పాడైన సాకెట్‌లో కొత్త ప్లగ్గు పెడితే కొన్నాళ్లకు అదీ అలాగే అవుతుంది.

విప్పగలిగే ప్లగ్గు అయితే వెనక మూత తీసి స్క్రూలు చూడండి. బయట శుభ్రంగా ఉండి లోపల వైరు కొస నల్లబడి ఉండటం చాలా తరచుగా కనిపిస్తుంది. నీరు ఒత్తిలో నూనె ఎక్కినట్టు పోగుల మధ్య సందుల్లో పైకి ఎగబాకుతుంది, ఇన్సులేషన్ కింద జానెడు దూరం వరకూ పోతుంది. వైరు కోసి చూస్తే రాగి ఎర్రగా మెరవాలి. నల్లగా, మట్టిరంగులో ఉంటే ఇంకో రెండంగుళాలు కోయండి, మెరిసే రాగి వచ్చేదాకా కోస్తూ పోండి. నల్లబడిన పోగులను గీకి స్క్రూ కింద పెట్టడం వల్ల ఉపయోగం లేదు, సగం పోగులు లోపలే తెగిపోయి ఉంటాయి. స్క్రూ కింద పెట్టే కొసకు సోల్డర్ పూయకండి. సోల్డర్ మెత్తన, ఒత్తిడికి మెల్లగా జరిగిపోతుంది, బిగించిన స్క్రూ నెలల్లో లూజు అవుతుంది. వైరు కొసకు రాగి తొడుగు నొక్కి పెట్టడం మంచిది.

అచ్చు పోసిన ప్లగ్గు అయితే లోపలికి దారి లేదు. ప్లగ్గు, వైరు కలిసి వచ్చే కొత్త కేబుల్ కొని, జంక్షన్ బాక్సులో కలపడమే శుభ్రమైన పని. చార్జింగ్, గ్రౌండ్ వైర్లు 10 గేజివి, బ్రేకు వైరు కనీసం 12 గేజిది ఉన్న కేబుల్ తీసుకోండి. లైట్లకు 14 చాలు (గేజి అంకె తగ్గేకొద్దీ వైరు లావు). మొత్తం సన్న వైర్లతో చౌకగా వచ్చే కేబుళ్లు చిన్న సామాన్ల ట్రైలర్లకు సరిపోతాయేమో, నాలుగు బ్రేకుల ట్రైలర్‌కు సరిపోవు. టిన్ను పూత ఉన్న రాగి పోగుల వైరు దొరికితే ఇంకా మేలు.

కలిపేటప్పుడు రంగును నమ్మకండి. ట్రావెల్ ట్రైలర్లలో సాధారణంగా తెలుపు గ్రౌండ్, నీలం బ్రేకు, నలుపు చార్జింగ్, ఆకుపచ్చ వెనక లైట్లు, ఎరుపు ఎడమ ఇండికేటర్, గోధుమరంగు కుడి ఇండికేటర్, పసుపు రివర్స్. మామూలు సామాన్ల ట్రైలర్ల పద్ధతిలో గోధుమరంగు వెనక లైట్లు, పసుపు ఎడమ, ఆకుపచ్చ కుడి. మీరు కొన్న కేబుల్ ఒక పద్ధతిలో, మీ ట్రైలర్ ఇంకో పద్ధతిలో ఉండటం మామూలే. రంగుకు రంగు కలిపితే ఇండికేటర్ వేసినప్పుడు వెనక లైట్లు కొట్టుకుంటాయి. పాత ప్లగ్గు కోసే ముందే ఫొటో తీసి, ఒక్కో వైరుకు టేపు అంటించి పేరు రాయండి. తర్వాత కొత్త ప్లగ్గు పిన్ను నుంచి వైరు కొస దాకా మీటరుతో చూసి, పని పేరును బట్టి కలపండి.

అతుకుల విషయానికి వస్తే, ట్రైలర్ కింద ఇరుసుల దగ్గర బ్రేకు వైర్లను మెలిపెట్టి ప్లాస్టిక్ టోపీలతోనో, ఇన్సులేషన్‌ను కొరికి పట్టే నీలం క్లిప్పులతోనో కలిపి ఉండటం తరచుగా చూస్తాం. చక్రాలు చిమ్మే నీళ్లు నేరుగా తగిలే చోట అవి నిలవవు. వాటిని కోసేసి, లోపల జిగురు ఉన్న హీట్ ష్రింక్ క్రింప్ కనెక్టర్లు (నొక్కి బిగించి, వేడి చేస్తే ముడుచుకునేవి) వేయండి. ర్యాచెట్ క్రింపర్‌తో నొక్కి, గట్టిగా లాగి చూసి, ఆ తర్వాతే వేడి చేయాలి. రెండు కొసల నుంచీ జిగురు చిన్న ఉంగరంలా బయటికి ఉబికితే నీటికి దారి మూసుకున్నట్టు. మామూలు పటకారుతో నలిపిన క్రింపు చూడటానికి బాగానే ఉంటుంది, లాగితే ఊడి వస్తుంది. ఈ అతుకులన్నీ చేశాక ప్లగ్గులో బ్రేకు పిన్నుకూ గ్రౌండ్‌కూ మధ్య ఓములు కొలవండి. మీటరు వైర్ల విలువ తీసేస్తే నాలుగు మాగ్నెట్లకు 0.8కి కాస్త పైన రావాలి. 1.1 దగ్గర వస్తే ఒక చక్రం అందడం లేదు, 1.6 వస్తే రెండు.

ఫ్రేము గ్రౌండ్‌కు పది నిమిషాలు చాలు. బోల్టు విప్పి, రింగు టెర్మినల్ కింద పెయింటు, తుప్పు పోయి తెల్లని ఇనుము కనిపించేదాకా రుద్ది, పళ్ల వాషర్ వేసి బిగించి, పైన పెయింటు పూయండి. పెయింటు బిగించిన తర్వాతే పూయాలి, ముందు కాదు.

ఇప్పుడు గ్రీజు. దీని మీద అపోహలు ఎక్కువ. డైఎలక్ట్రిక్ సిలికోన్ గ్రీజు కరెంటును పారనివ్వదు, దాని పని తేమను బయట ఉంచడం. స్ప్రింగు రేకు నొక్కిన చోట గ్రీజు పక్కకు తప్పుకుని లోహం లోహాన్ని తాకుతుంది, చుట్టూ మిగిలినది నీటికి అడ్డుగోడ అవుతుంది. పిన్నుకు బియ్యపుగింజంత చాలు. సాకెట్ నిండా కూరితే ప్లగ్గు పూర్తిగా లోపలికి దిగదు, ఇసుక, దుమ్ము అంటుకుని ఆ ముద్దే ఎమరీలా పనిచేస్తుంది. రాగి పొడి, గ్రాఫైట్ కలిపిన గ్రీజులు ఇలాంటి పక్కపక్క పిన్నుల ప్లగ్గులో వాడకండి, ఒక పిన్ను నుంచి పక్క పిన్నుకు కరెంటు పాకే దారి మీరే వేసినట్టు అవుతుంది. డబ్ల్యూడీ-40 నీటిని తరమడానికి బాగుంటుంది, కాపలా కాయడానికి సరిపోదు. ప్లగ్గు వెనక వైరు దూరే చోట సీలు చేయాలంటే న్యూట్రల్ క్యూర్ సిలికోన్ తీసుకోండి. వెనిగర్ వాసన కొట్టే రకం ఆరేటప్పుడు ఆమ్లం విడుదల చేస్తుంది, మూసిన గదిలో రాగిని అదే తినేస్తుంది.

ట్రైలర్‌ను పక్కన పెట్టినప్పుడు ప్లగ్గు ముఖం కిందికి చూస్తూ, నేలకు తగలకుండా వేలాడాలి. ఉత్త సాకెట్ లాంటి హోల్డర్‌ను హిచ్ దగ్గర బిగించి అందులో పెడితే ఇంకా మంచిది. ప్లాస్టిక్ సంచి చుట్టడం మాత్రం తప్పు, లోపల ఆవిరి చెమటలా పట్టి బయటికి పోయే దారి ఉండదు. కేబుల్ ప్లగ్గులోకి చేరేముందు కిందికి ఒక వంపు తిరిగి ఉంటే వాన నీరు ఆ వంపు దగ్గరే జారిపోతుంది. వాహనం సాకెట్ మూతకు స్ప్రింగు బలం తగ్గితే మూత మార్చండి. నెలల తరబడి కదలని ట్రైలర్‌కు చార్జింగ్ లైనులో ఒక స్విచ్ పెట్టి ఆపేస్తే పిన్ను కరిగే పని అసలు మొదలే కాదు. ఆ స్విచ్ బ్రేక్‌అవే స్విచ్‌కు వెళ్లే వైరును మాత్రం ఆపకూడదు. ట్రైలర్ ఊడిపోయినప్పుడు బ్రేకులు పట్టించే వైరు అది, బ్యాటరీకి నేరుగా ఉండాలి. దాని కనెక్షన్లకూ చిలుము పడుతుంది కాబట్టి ఏడాదికోసారి అయినా బ్రేక్‌అవే స్విచ్ పిన్ను లాగి చక్రాలు పట్టేస్తున్నాయో లేదో చూడండి. లాగేముందు ప్లగ్గును వాహనం నుంచి తీసేయాలి, లేకపోతే బ్రేకు కంట్రోలర్ దెబ్బతినవచ్చు. కొన్ని సెకన్లు చూసి పిన్ను తిరిగి పెట్టేయండి, మాగ్నెట్లు వేడెక్కుతాయి, బ్యాటరీ దిగిపోతుంది.

బయటి మెయిన్స్ కరెంటు తగిలించే 30 ఆంపియర్ల ఇన్‌లెట్‌కు ఈ గీకుడు వైద్యం వర్తించదు. అక్కడ 0.05 ఓము చేరినా పూర్తి లోడు మీద 45 వాట్ల వేడి పుడుతుంది, అది గోడలోని చెక్కకు ఆనుకుని ఉంటుంది. రేకు నల్లబడినా, ప్లాస్టిక్ గోధుమరంగుకు తిరిగినా ఇన్‌లెట్‌నూ కేబుల్ కొసనూ రెండింటినీ ఒకేసారి మార్పించండి. ఒకటే మారిస్తే కాలిన పాత రేకు కొత్తదాన్నీ కాల్చేస్తుంది.